346 అడుగులా, 267 అడుగులా? వంకర స్థలానికి ప్రహరీ కొలత తేల్చేదెలా

పెరంబూరు కోడలు:

అందరికీ నమస్కారం. చెన్నై దగ్గర పొన్నేరి దాటాక మాకు పదింపావు సెంట్ల స్థలం ఉంది. మామగారు ఎప్పుడో కొన్నారు. ఇన్నాళ్ళూ చుట్టూ ముళ్ళకంపే. ఈమధ్య పక్క స్థలం వాళ్ళు ఇల్లు మొదలుపెట్టి కంకర, ఇసుక మా వైపు పోయించడం మొదలెట్టారు. అడిగితే "ఖాళీగానే ఉంది కదండీ" అంటారు. ఇక లాభం లేదు, ముందు ప్రహరీ కట్టేద్దాం అని ఇంట్లో అనుకున్నాం. అక్కణ్ణుంచి మొదలైంది టెన్షన్.

కాంట్రాక్టరు మా దగ్గరున్న సర్వేయర్ స్కెచ్ చూసి "346 రన్నింగ్ ఫుట్ వస్తుంది మేడమ్, అడుగుకి 1,500" అని కాగితం మీద రాసిచ్చాడు. అంటే 5,19,000. మా పై అంతస్తు కట్టిన మేస్త్రీని అడిగితే ఆయన స్కెచ్ అడగలేదు, స్థలం చూడలేదు. ఎన్ని సెంట్లో అడిగి, ఫోనులో క్యాల్కులేటర్ నొక్కి "267 అడుగులమ్మా" అన్నాడు. అదే రేటు వేసుకుంటే 4,00,500. ఒకే స్థలం, ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే, మధ్యలో లక్ష పైన తేడా!

స్థలం నలుచదరంగా లేదు. అయిదు మూలలు, ఏ పక్కా ఇంకో పక్కకి సమంగా లేదు. స్కెచ్‌లో పక్కల పొడవులు రాయలేదు. మధ్యలో అడ్డంగా ఒక గీత ఉంది, దాని మీద 0, 6.0, 15.0, 27.4, 34.0 అని అంకెలు. 6.0 దగ్గర నుంచి పైకి ఒక చిన్న గీత, పక్కన 11.2 అని ఉంది. 27.4 దగ్గర పైకి 9.6. 15.0 దగ్గర మాత్రం కిందికి 7.5. అన్నీ మీటర్లే. ఆ చిన్న గీతల చివర్లూ, అడ్డగీత రెండు కొసలూ కలిపితే మా స్థలం ఆకారం వస్తుంది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "ఇది గ్రాఫ్‌లాగే ఉందమ్మా" అని గ్రాఫ్ కాగితం మీద బొమ్మ వేసింది. తర్వాత పక్కల మీద గళ్ళు లెక్కపెట్టి ఇంకో మూడో నంబరు చెప్పింది. అది ఇక్కడ రాయను, పాపం. సర్వేయర్‌ని మళ్ళీ పిలవకుండా అసలు చుట్టుకొలత మేమే తేల్చుకోగలమా?

లింకులూ గొలుసులూ:

అమ్మా, నిక్షేపంగా తేల్చుకోవచ్చు. మీ చేతిలో ఉన్న స్కెచ్‌లో కావాల్సినవన్నీ ఉన్నాయి. నేను నెల్లూరు జిల్లాలో సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు అంబత్తూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. పొద్దుపోక ఇలాంటివి చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తా.

ఆ అడ్డగీతని మేం జీ లైను అంటాం. దాని నుంచి లంబంగా పక్కకి తీసిన చిన్న గీతలు ఆఫ్‌సెట్లు. ఆంధ్రా, తమిళనాడు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే కాబట్టి అటూ ఇటూ ఎఫ్‌ఎంబీ పుస్తకాలు, అంటే సర్వే శాఖ కొలతల పుస్తకాలు, ఒకే పద్ధతిలో ఉంటాయి. మా పాత పుస్తకాల్లో కొలతలు లింకుల్లో ఉండేవి. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. మీకు మీటర్లలో ఇచ్చారు కాబట్టి ఆ బాధ లేదు. ప్రభుత్వ స్కెచ్ కూడా చూసుకోవాలంటే తమిళనాడు ఈ-సర్వీసెస్ వెబ్‌సైటులో జిల్లా, తాలూకా, ఊరు, సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబరు ఇస్తే ఎఫ్‌ఎంబీ కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మీ అమ్మాయి సరిగ్గానే కనిపెట్టింది, అది గ్రాఫే. జీ లైను మీది అంకె ఎక్స్, ఆఫ్‌సెట్ వై. పైకి ఉన్న ఆఫ్‌సెట్‌కి ప్లస్, కిందికి ఉన్నదానికి మైనస్. అప్పుడు మీ హద్దు రాళ్ళు ఇలా వస్తాయి:

రాయి 1: (0, 0)
రాయి 2: (6, 11.2)
రాయి 3: (27.4, 9.6)
రాయి 4: (34, 0)
రాయి 5: (15, −7.5)

ఇక ఒక్కో పక్కా పైథాగరస్ లెక్కే. రాయి 1 నుంచి 2కి అడ్డంగా 6, నిలువుగా 11.2. ఒక్కోదాన్ని దానితోనే గుణిస్తే 36, 125.44. కూడితే 161.44. వర్గమూలం 12.71 మీటర్లు. అది మొదటి గోడ.

2 నుంచి 3కి అడ్డంగా 27.4లో 6 పోతే 21.4, నిలువుగా 11.2లో 9.6 పోతే 1.6. గోడ 21.46. అంటే ఆ 1.6 మీటర్ల వాలు వల్ల గోడకి కలిసింది ఆరు సెంటీమీటర్లే. 3 నుంచి 4కి 6.6, 9.6 వస్తాయి, గోడ 11.65. 4 నుంచి 5కి 19, 7.5. గోడ 20.43. చివరగా 5 నుంచి మళ్ళీ 1కి 15, 7.5. గోడ 16.77.

అన్నీ కూడితే 83.02 మీటర్లు. మీటరుకి 3.281 అడుగుల చొప్పున సుమారు 272 అడుగులు. 346 కాదు, 267 కాదు.

మీ కాంట్రాక్టరుకి 346 ఎలా వచ్చిందో కూడా చెప్తాను. పొడవు 34. వెడల్పు అంటే పైకి ఎక్కువలో ఎక్కువ 11.2, కిందికి 7.5, కలిపి 18.7. పొడవూ వెడల్పూ కూడి రెండింతలు చేస్తే 105.4 మీటర్లు, అంటే 345.8 అడుగులు. మీ స్థలం చుట్టూ ఒక పెద్ద దీర్ఘచతురస్రం గీసి దానికి గోడ లెక్క వేశాడన్నమాట. మోసం అనను. చాలామంది చేసే పనే అది.

ఎం.కె.బి. నగర్ మాస్టారు:

పెద్దాయన చెప్పినదానికి చిన్న చేర్పు. కాంట్రాక్టరు పద్ధతి చాలాచోట్ల నిజంగానే సరిపోతుంది, అందుకే వాళ్ళకి దాని మీద అంత నమ్మకం. "ఎల్" ఆకారం హాలు తీసుకోండి. పొడవు 18 అడుగులు, వెడల్పు 12, ఒక మూల 6 × 5 ముక్క కోసేసి వంటగదికి ఇచ్చారు. స్కర్టింగ్ టైల్స్ ఎన్ని అడుగులు? మూల కోసేసినా అడ్డంగా ఉన్న గోడలు ఒకవైపు కూడితే 18 వస్తుంది, నిలువువి కూడితే 12 వస్తుంది. మొత్తం 60 అడుగులే. మూల తీసేశాం కాబట్టి చుట్టుకొలత తగ్గాలి కదా అని పిల్లలు ఎంత వాదిస్తారో! తగ్గదు. తగ్గేది వైశాల్యమే.

అదే మెట్ల వెలుతురు కోసం ఒక పక్క మధ్యలో 8 అడుగులు లోపలికి తోసిన "యు" ఆకారం టెర్రస్ అయితే పొడవు వెడల్పులు కూడినా చాలదు. లోపలికి వెళ్ళిన 8, బయటికి వచ్చిన 8, ఇంకో 16 అడుగులు కలపాలి. పిట్టగోడ మీద గ్రిల్ వేయించేవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు.

ఈ లెక్క తప్పే ఇంకో చోటు ఏటవాలు పక్క. అన్నా నగర్‌లో అవెన్యూలు అడ్డంగా నిలువుగా ఉంటాయి కదా, ఒక మూల నుంచి ఎదురు మూలకి ఆటోలో వెళ్తే రెండు వీధులకీ మీటరు తిరుగుతుంది, కాకి మాత్రం తిన్నగా ఎగిరిపోతుంది. గోడ కాకి దారిలో కడతారు, కాంట్రాక్టరు బిల్లు ఆటో దారిలో వేశాడు. కావాలంటే పై లెక్కలో ప్రతి పక్కకీ అడ్డం నిలువు రెండూ కూడి చూడండి: 17.2, 23, 16.2, 26.5, 22.5. మొత్తం సరిగ్గా 105.4.

మేస్త్రీగారి 267 సంగతి వేరు. సెంటుకి 435.6 చదరపు అడుగులు, పదింపావుకి 4,465. దానికి వర్గమూలం 66.8, నాలుగుతో గుణిస్తే 267. స్థలం చదరం అనుకున్నాడు. దగ్గరగా వచ్చింది, అంతే. సెంట్లను బట్టి చుట్టుకొలత చెప్పడం ఎవరివల్లా కాదు. ఇదే పదింపావు సెంట్లు 20 అడుగుల వెడల్పుతో బాటలాంటి ముక్క అయితే పొడవు 223 అడుగులు అవుతుంది, చుట్టూ గోడ 486.

ఇక మీ అమ్మాయి. గళ్ళు లెక్కపెట్టడం అడ్డంగా, నిలువుగా ఉన్న గీతలకే పనికొస్తుంది. గడిని మూల నుంచి మూలకి దాటితే అది 1 కాదు, 1.414. (2, 1) నుంచి (5, 5)కి గీత గీయించి "ఎంత?" అంటే మా ట్యూషన్‌లో 3, 4, 7 అన్నీ వస్తాయి. జవాబు 5. రాష్ట్ర సిలబస్ అయితే తొమ్మిదిలోనే దూర సూత్రం ఉంది. ఇంకో సంగతి, పట్టిక రాసేటప్పుడు చివర మొదటి బిందువుని మళ్ళీ రాయమనండి. అయిదు రాళ్ళుంటే ఆరు వరుసలు. లేకపోతే ఆఖరి పక్క కూడడం మర్చిపోతారు. మీ స్థలంలో అదే జరిగితే 16.77 మీటర్లు, అంటే 55 అడుగుల గోడ ఎగిరిపోయినట్టే.

తరమణి టెక్కీ:

ఇంత కష్టమెందుకండీ? మ్యాప్స్ యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి దూరం కొలిచే ఆప్షన్‌తో అయిదు మూలలూ వరసగా నొక్కుకుంటూ వస్తే మొత్తం అదే చెప్తుంది. లేదంటే ఒక్కో రాయి దగ్గర నిలబడి జీపీఎస్ రీడింగ్ తీసుకుంటే అవీ నిరూపకాలే కదా. కాకపోతే డిగ్రీలను మీటర్లలోకి మార్చుకోవాలి. చెన్నై దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.6 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 108.5. ఢిల్లీ వైపు వెళ్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ వేరువేరుగా గుణించుకుంటే మిగతా అంతా మీరు చెప్పిన పైథాగరసే.

లింకులూ గొలుసులూ:

బాబూ, లెక్క సరిగ్గానే చెప్పావు, పనిముట్టు దగ్గరే పేచీ. డిగ్రీలో అయిదో దశాంశ స్థానం ఒకటి మారితే నేల మీద 1.1 మీటరు. ఫోను జీపీఎస్ ఆరుబయట ఆకాశం బాగా కనిపిస్తున్నా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. వీళ్ళ చిన్న గోడ 11.65 మీటర్లు. ఇటు నాలుగు, అటు నాలుగు పోతే ఇక మిగిలేదేమిటి? చెరువు చుట్టూ వాకింగ్ ఎన్ని కిలోమీటర్లో చూసుకోవడానికి ఫోను బ్రహ్మాండం. హద్దు గోడకి పనికిరాదు. శాటిలైట్ బొమ్మ ఒకసారి సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు, 272 దగ్గరా 346 దగ్గరా అన్న సంగతి తెలిసిపోతుంది. కానీ ముళ్ళకంప కింద రాయి ఎక్కడుందో ఆకాశం నుంచి కనపడదు.

అన్నట్టు మనం ఉన్న చెన్నై ఈ విద్యకి పుట్టిల్లు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ 1794లో మొదలైంది సర్వే స్కూలుగానే. లాంబ్టన్ దొర 1802లో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచి ఏడున్నర మైళ్ళ ఆధార రేఖ కొలిచాడు. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేకి అదే మొదలు. మీ స్కెచ్‌లో ఉన్న 34 మీటర్ల జీ లైనుదీ ఆ వంశమే. ఒక్క గీతని జాగ్రత్తగా కొలిచి, మిగతావన్నీ దాని నుంచి తీయడం.

పెరంబూరు కోడలు:

ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. రాత్రి నేనూ అమ్మాయీ కూర్చుని వేశాం, 83.02 మాకూ వచ్చింది. అమ్మాయి వైశాల్యం కూడా వేస్తానని పట్టుబట్టింది. జీ లైను పైన రెండు త్రిభుజాలు, మధ్యలో ఒక ట్రెపీజియం, కింద ఒక పెద్ద త్రిభుజం. మొత్తం 415.34 చదరపు మీటర్లు. సెంట్లలోకి మారిస్తే 10.26. దస్తావేజులో ఉన్న పదింపావుతో కలిసింది కాబట్టి అంకెలు సరిగ్గానే చదువుకున్నామని ధైర్యం వచ్చింది.

పొద్దున కాంట్రాక్టరుకి కాగితం చూపించాను. చాలాసేపు చూసి "మేడమ్, వేస్టేజీ కూడా ఉంటుంది కదా" అన్నాడు. 74 అడుగుల వేస్టేజీయా అన్నాను. నవ్వాడు. "సరే, కొలిచి వేద్దాం" అన్నాడు గానీ అప్పుడే గేటు, పిల్లర్లు అంటూ కొత్త పల్లవి ఎత్తుకున్నాడు. గేటు 12 అడుగులు పెట్టాలనుకుంటున్నాం. అది గోడ లెక్కలోంచి తీసేయాలా వద్దా? తీయరు అంటున్నాడు.

ఒరగడం సైటు ఇంజినీరు:

గేటు వెడల్పు గోడ లెక్కలోంచి తీసేయాలి, కానీ ఊరికే కాదు. గేటు కింద కూడా పునాది బీము వేయించుకుంటే ఆ 12 అడుగులకీ పునాది వరకు డబ్బు ఇవ్వాలి. అందుకని పునాదికి ఒక రేటు, పైన గోడకి ఒక రేటు విడిగా రాయించుకోండి. గేటు పిల్లర్లు రెండూ విడి ఐటెమ్. అన్నీ కలిపి "అడుగుకి ఇంత" అంటే మీకు ఎప్పటికీ తేలదు.

ఇంకొకటి. 272 అడుగులు మీ హద్దు గీత మీది కొలత. గోడ బయటి ముఖం ఆ గీత దాటకూడదు, కాబట్టి 8 అంగుళాల హాలో బ్లాక్ గోడ మధ్య గీత హద్దుకి 4 అంగుళాలు లోపలికి వస్తుంది. ఎస్టిమేషన్‌లో మేం వాడేది ఈ మధ్య గీత కొలతే. మీ అయిదు మూలలకీ వేసి చూశాను, రెండున్నర అడుగులు తగ్గుతుంది. 272లోంచి గేటు 12, ఈ రెండున్నర తీస్తే గోడ దాదాపు 258 అడుగులు. పాత రేటుకే 3,87,000. దానికి పిల్లర్లు, గేటు కింద పునాది కలుపుకోండి. ఒప్పందంలో మాత్రం "పని పూర్తయ్యాక టేపుతో కొలిచిన పొడవుకే బిల్లు" అని ఒక్క లైను రాయించండి. ముందు వేసిన లెక్క ఎస్టిమేటుకే.

పునాది గోడ కన్నా వెడల్పుగా ఉంటుంది. అది కూడా పక్కవాళ్ళ వైపు పోకూడదని మార్కింగ్ రోజునే చెప్పండి. ఇసుక పోసిన పక్కవాళ్ళతో తర్వాత మీకే మాట పడుతుంది.

పెరంబూరు కోడలు:

అర్థమైంది, రేట్లు విడగొట్టి రాసివ్వమంటాను. ఆఖరి ప్రశ్న పెద్దాయనకి. స్కెచ్ సరే, కానీ రాళ్ళు స్కెచ్‌లో ఉన్న చోటే ఉన్నాయని ఎలా నమ్మడం? పక్కవాళ్ళ లారీలు మా మూల మీదుగానే తిరిగాయి.

లింకులూ గొలుసులూ:

పక్కలు ఒక్కటే కొలిస్తే చాలదమ్మా. అయిదు పక్కల పొడవులూ మారకుండానే ఆకారం నలిగిపోవచ్చు. మూల నుంచి మూలకి రెండు అడ్డ కొలతలు తీసుకోవాలి.

రాయి 1 నుంచి 3కి 29.03 మీటర్లు రావాలి. రాయి 2 నుంచి 5కి అడ్డంగా 15లో 6 పోతే 9. నిలువుగా మాత్రం తీసివేత కాదు, ఒకటి గీతకి పైన, ఒకటి కింద ఉన్నాయి కాబట్టి 11.2, 7.5 కలిసి 18.7. మైనస్ గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. వర్గాలు 81, 349.69. కూడి వర్గమూలం తీస్తే 20.75 మీటర్లు.

30 మీటర్ల టేపు ఒకటి తెచ్చుకోండి, రెండూ అందులో పడతాయి. టేపు వేలాడితే కొలత ఎక్కువ చూపిస్తుంది, ఇద్దరు గట్టిగా లాగి పట్టుకోవాలి, దారిలో కంప ఉంటే ముందు నరికించండి. ఒకటి రెండు అంగుళాల తేడాకి కంగారు పడొద్దు. జానెడు దాటితే మాత్రం పునాది తవ్వకముందే సర్వేయర్‌ని పిలిపించండి, అప్పుడు ఆ ఫీజుకి వెనకాడొద్దు. లారీలు తిరిగిన మూలలో రాయి కనపడకపోతే లేదనుకోకండి. వానలకీ చక్రాలకీ లోపలికి దిగిపోయి ఉంటుంది. స్కెచ్ ప్రకారం పక్క రెండు రాళ్ళ నుంచీ కొలిచి, ఆ రెండు కొలతలూ కలిసే చోట గడ్డపారతో మెల్లగా తవ్వించి చూడండి.